సుగుణ గారి లాప్‌టాప్, పక్కింటి వైఫై

అది 2022. కాకినాడలో హార్బరుకు వెళ్ళే రోడ్డు మీద నాకు లాప్‌టాప్‌లు బాగుచేసే షాపు ఉండేది. పని బాగానే వచ్చు, ఓర్పే తక్కువ.

సుగుణ గారు ప్రైమరీ స్కూల్ టీచరు. ఆదివారాలు లూథరన్ చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతారు. ఆవిడ పాత లాప్‌టాప్‌లో విండోస్ మొరాయిస్తే, ఇంటికి వెళ్ళి నేనే దాని బదులు లినక్స్ ఎక్కించాను. ఆర్నెల్ల తర్వాత ఒక శనివారం దాన్ని పట్టుకుని షాపుకొచ్చారు.

“ఇది దానంతటదే పక్కింటి వైఫై పట్టుకుంటోందండి. నేను దొంగతనంగా వాడుతున్నానంటున్నారు నూకరత్నం గారు.”

నూకరత్నం గారిది చేపల వ్యాపారం. రోజూ చేపల వీడియోలు ఫోన్లో కొనేవాళ్ళకు పంపుతారు. నెట్ నెమ్మదించిందని రౌటర్ యాప్ తెరిచి చూస్తే, అందులో సుగుణ గారి పేరు కనపడిందట. ఆ లాప్‌టాప్‌కి ఆవిడ పేరు పెట్టింది నేనే.

“మీరే ఏదో నొక్కి ఉంటారండి. పాస్‌వర్డ్ ఇవ్వందే ఎలా కలుస్తుంది?” అన్నాను విసుగ్గా.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. “నాకేం తెలీదండి. మొన్న పులుసు పంపిస్తే గిన్నె ఖాళీగా తిప్పి పంపారు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. రేపు పిల్లలకి దొంగిలవద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

మా వైపు పక్కింటి గిన్నె ఖాళీగా పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. ఖాళీగా వచ్చిందంటే ఇక రాకపోకలు లేవనే.

లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చిన వైఫైని గుర్తుపెట్టుకుంటుంది. వాడుతున్నది ఆగిపోతే, తెలిసిన ఇంకో వైఫైకి ఎవర్నీ అడక్కుండా వెళ్ళిపోతుంది. మొదటిది తిరిగొచ్చినా వెంటనే వెనక్కి రాదు. జరిగిందంతా రాసిపెట్టే లాగ్ తెరిచాను. కరెంటు పోయినప్పుడల్లా సుగుణ గారి రౌటర్ ఆగింది, బ్యాటరీ మీదున్న లాప్‌టాప్ ఇన్వర్టరున్న పక్కింటికి వెళ్ళింది. మరి ఆ పాస్‌వర్డ్ ఎప్పుడు ఎక్కిందా అని తేదీ చూశాను. నేను లినక్స్ ఎక్కించిన రోజే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుకి సుగుణ గారింట్లో నెట్ లేదు. ఆవిడ ఇల్లు నాకప్పగించి స్కూలుకెళ్తే, నేనే లాప్‌టాప్ పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. నూకరత్నం గారు అది నాదనుకుని, “పాస్‌వర్డ్ చెప్పనండీ, నేనే కొడతాను” అని కొట్టిచ్చారు. పనయ్యాక నేను దాన్ని చెరపలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే నూకరత్నం గారింటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆవిడ చేతిలో ఫోన్ పక్కన పెట్టేశారు.

“బైబిలు మీద చెయ్యేసి చెప్తానన్నారండి ఆవిడ. అయినా నమ్మలేదు. ఇప్పుడు మీ కంప్యూటర్ చెప్తే నమ్మేశాను. ఆవిడ మొహం ఎలా చూడను?”

నేను మాత్రం నమ్మానా? ఇద్దరం కలిసి సుగుణ గారింటికి వెళ్ళాం. ఆవిడ కుర్చీలు వేశారు, చెప్పిందంతా విన్నారు. ఎవర్నీ నిష్ఠూరమాడలేదు. ఆఖర్న నన్నొకటి అడిగారు.

“ఆ తేదీ దొరక్కపోయుంటే ఏంటండీ నా గతి?”

ఆ మాట ఇవాళ్టికీ మర్చిపోలేదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా, వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా లాప్‌టాప్ మూత తెరవను.