పేరు చెబితేనే ముసుగు తీసేది

ముప్పై ఎనిమిదేళ్ళు ఐర్లండ్‌లోని కొనెమారా ఊళ్ళలో ఉత్తరాలు పంచిన కోల్మన్‌కి ఒకటే గర్వం. మనిషిని చూడక్కర్లేదు, నడక వింటే చాలు, పేరు చెప్పేస్తాడు. చచ్చినవాళ్ళు తిరిగే హాలోవీన్ సాయంత్రం బతికున్నవాళ్ళు కూడా ముఖాలు దాచుకుని ఇంటింటికీ వస్తారు. నోరు విప్పరు, ఇంటివాళ్ళు పోల్చుకుని పేరు చెబితేనే ముసుగు తీస్తారు. పక్షవాతంతో కుర్చీకే పరిమితమైనా ఆయన ఈసారీ పొయ్యి పక్కన ఎండుద్రాక్షల రొట్టె నములుతూ, "ఆ ఎడంకాలి ఈడ్పు నీదే గదరా ఫెస్టీ, మీ నాన్నదీ అదే!" అంటూ ఒక్కొక్కరినే పట్టేశాడు.

చివరికి గడ్డి ముసుగు, మగవాళ్ళ కోటు వేసుకున్న ఒక్కరు మిగిలారు. కోల్మన్ అటూ ఇటూ నడిపించాడు, చేతులు చాపించి తిప్పి చూశాడు. ఆరు పేర్లు చెప్పాడు, ఆరూ తప్పే. "ఈ చేతులు మన ఊరివి కావు," అన్నాడు చిరాగ్గా. "ఏం అన్నయ్యా, ఈ ఉత్తరానికి చిరునామా లేదా?" అని చెల్లెలు నోరా నవ్వింది. అంతలో ఆ ముసుగు మనిషి ఆయన బూటు లేసు ఊడి ఉండడం చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపారు. కోల్మన్ ఉలిక్కిపడ్డాడు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే వచ్చి, ఆయనకి ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగి, సరిగ్గా ఇలాగే ముడి వేసే మనిషి ఈమె.

"పోల్చుకున్నావులే, నీ మొహమే చెబుతోంది. పేరు చెప్పు మరి!" అంది నోరా.

కోల్మన్ చెవులదాకా ఎర్రబడి, ఆ ముడి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఈ రెండేళ్ళూ ఆమెని "ఏమమ్మాయ్" అనే పిలిచాడు. ముసుగు తియ్యకుండా ఆమె అలాగే నిలబడి ఉంది.