ఎనిమిది లైన్ల డమ్మీ

సినిమా పత్రికలో రివ్యూ పేజీ ఎలా ఉండాలో నన్నడిగితే కళ్ళు మూసుకుని గీసిస్తాను. నిజామాబాద్‌లో ఒక చిన్న సినిమా వారపత్రికకు పదిహేనేళ్ళుగా పేజీలు పెడుతున్నాను. రాసేవాళ్ళు మారారు, ఆఫీసు రెండు బిల్డింగులు మారింది, కాగితం పలచబడింది. రివ్యూ పేజీ మాత్రం మారలేదు.

పైన ఎడమవైపు పెద్ద ఫొటో. అందులో హీరో చూపు పేజీ లోపలికే ఉండాలి. బయటికి చూస్తుంటే చదివేవాళ్ళ చూపు కూడా అటే జారిపోతుందని మా నమ్మకం. చూపు కుదరని హీరోను అద్దంలో చూసినట్టు తిప్పి వేస్తాను. ఒకసారి అట్లా తిప్పితే చొక్కా జేబు కుడివైపుకు వచ్చి, అభిమానులు ఫోన్ చేసి మరీ తిట్టారు. ఫొటో కింద బూడిదరంగు పెట్టెలో నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు. తర్వాత కథ. అది సగం చెప్పి, మిగతాది తెరపై చూడాల్సిందే అని ఆపాలి. ఆ కింద పక్కపక్కనే ప్లస్‌లు, మైనస్‌లు, ఎప్పుడూ మూడూ మూడూ. సినిమా ఎట్లాంటిదైనా సరే, రెండు వరుసలు సమానంగా రాకపోతే పేజీ ఒకవైపు ఒరిగినట్టు కనిపిస్తుంది. మూడో మైనస్ దొరక్కపోతే 'నిడివి' అని రాస్తారు. మూడో ప్లస్ దొరక్కపోతే 'ఛాయాగ్రహణం' ఎలాగూ ఉంది. చివర్లో స్టార్లు.

ఇదంతా పెద్ద సినిమాల సంగతి. చిన్న సినిమాలకు పేజీ అడుగున ఒక పెట్టె. పాస్‌పోర్ట్ సైజు ఫొటో, ఎనిమిది లైన్లు, రెండున్నర స్టార్లు.

ఆ ఎనిమిది లైన్లు నేను రాసినవే. చేరిన కొత్తలో పెట్టె కొలత చూసుకోవడానికి ఏదో ఒకటి టైపు చేయాలి కదా అని చేశాను. కొత్తవాళ్ళు చిత్తశుద్ధితో చేసిన ప్రయత్నం, మొదటి సగం సాగదీత, రెండో సగం ఫర్వాలేదు, పాటలు సందర్భానికి తగ్గట్టు ఉన్నాయి, ఒకసారి చూడొచ్చు. ఈ ధోరణిలో సాగుతుంది. దాన్ని మేము డమ్మీ అంటాం. అసలు రివ్యూ రాగానే తీసేయాలి.

ఒక వారం అసలు రివ్యూ రాలేదు. మాకు రివ్యూలు రాసే ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, పెద్ద సినిమాలే చూస్తాడు. మా ఎడిటర్ సారు పేజీ చూసి, "మంచిగనే ఉన్నది గద, పోనియ్యి," అన్నాడు. పోనిచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఆ సినిమా తీసినాయన ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. ఇక అదే అలవాటైపోయింది. సినిమా పేరు, ఫొటో మార్చడం, మిగతాది అట్లాగే ఉంచడం. చిన్న సినిమాలు తీసేవాళ్ళు ఎవరి రివ్యూ వాళ్ళే చదువుకుంటారు కాబట్టి బయటపడలేదు. నాకు సిగ్గు కూడా వేయలేదు, నిజం చెప్తున్నాను. పేజీ నిండింది కదా అనుకునేదాన్ని.

పోయిన ఏడాది మా తమ్ముడు సినిమా తీశాడు.

మాది బోధన్. బాపు, అంటే మా నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు, అది మూతబడ్డాక చర్చిలో కాపలా పనికి కుదిరాడు. తమ్ముడు పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. సీజన్ లేని రోజుల్లో స్నేహితులను పోగేసుకుని, ఆరేళ్ళు పట్టి, ఒక సినిమా చేశాడు. సగం కోటగిరి దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు చెరకు తోటలో తీశాడు. బోధన్‌లో ఒక టాకీసులో, నిజామాబాద్‌లో ఇంకో టాకీసులో వారం పాటు ఆడింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మ్యాట్నీకి పోయాను. గొప్ప సినిమా అని చెప్పను. హీరో మాట్లాడితే పాఠం అప్పజెప్పినట్టుంది. కానీ మొదటి సగంలో ఒకచోట, చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకామె కట్టలు కడుతుంటుంది. నాలుగు నిమిషాలు. మాట లేదు, పాట లేదు. చెరకు ఆకునే తాడులా పేనడం, కట్టను మోకాలితో అదమడం, ముడి వేయడం, మళ్ళీ ఇంకో కట్ట. నా వెనక ఇద్దరు ముసలివాళ్ళు అప్పటిదాకా బోరు మోటారు గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ సీన్ మొదలయ్యాక మాట ఆపేశారు. కాసేపటికి ఒకాయన, "గిట్లనే కడుతుండె మా అవ్వ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా వాడికి ఇంత చూపుందని నాకు అప్పటిదాకా తెలియదు.

బయటికొస్తే గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎట్లున్నదక్కా?"

"మంచిగున్నది రా. గా చెరుకు కట్టలు గట్టేది మస్తున్నది."

"నువ్వట్లనే అంటవ్, అక్కవు గద. బయటోళ్ళు అనాలె. మీ పేపర్ల ఏం రాస్తరో సూడాలె."

సోమవారం ఆఫీసుకు పోగానే రివ్యూ నేనే రాశాను. పద్నాలుగు లైన్లు వచ్చింది. హీరో సంగతి ఉన్నదున్నట్టే రాశాను. చెరకు సీన్‌కు, వెనక వరుసలో ఆగిపోయిన మాటలకు తొమ్మిది లైన్లు పట్టాయి. సారు మొత్తం చదివాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు.

"మంచిగ రాసినవమ్మా. కని నీ తమ్ముని సినిమాకు నువ్వు రాస్తే ఎట్ల? రేపు ఎవలన్న అడిగితె నేనేం జెప్పాలె?"

"మరి హైదరాబాద్ సారును సూడుమనుండ్రి."

నా ముందే ఫోన్ చేశాడు. ఆ సినిమా హైదరాబాద్‌లో ఆడటం లేదు, ఆడినా తనకు తీరిక లేదు అని అవతలాయన చెప్పాడు.

"ఇన్నవ్ గద. పెట్టె ఖాళీ ఇడ్సిపెట్టుమంటవా?"

ఖాళీ ఉంచితే మా వాడి సినిమా అసలు రానట్టే. నేను రాసింది వేయడానికి లేదు. నాలుగింటికి పేజీ ప్రెస్సుకు పోవాలి. డమ్మీ తెరిచి సినిమా పేరు మార్చాను, ఫొటో మార్చాను. హీరో చూపు పేజీ లోపలికే ఉంది, తిప్పే పని కూడా పడలేదు.

బాపుకు చదువు అంతంత మాత్రం. రివ్యూను ఆయన స్టార్లు లెక్కపెట్టి అర్థం చేసుకుంటాడు. "ఐదుల రెండున్నర అంటే పాసే గద," అని సంబరపడి, పేజీని లామినేషన్ చేయించి, ముందు గదిలో యేసు పటం పక్కన తగిలించాడు.

తమ్ముడు మాత్రం ఒక్కో మాటా పట్టి పట్టి చదివాడు. వాడి సినిమాలో పాటలే లేవు. దానికీ వాడే సర్దిచెప్పుకున్నాడు. మా హైదరాబాద్ రివ్యూ ఆయన వెనక వచ్చే మ్యూజిక్‌ను అట్లా రాసి ఉంటాడట.

తర్వాతి ఆదివారం ఇంటికి పోయేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. సినిమాను యూట్యూబ్‌లో పెట్టే ముందు మొదటి సగం తగ్గిస్తున్నానన్నాడు. చూస్తే, వాడు తగ్గిస్తున్నది చెరకు కట్టల సీనే.

"గది తియ్యకురా. గదే మంచిగున్నది."

"సాగదీత అని రాసిండు గదక్కా. మాట లేకుంట నాలుగు నిమిషాలు ఉన్నది గదొక్కటే. ఇంకేం ఉంటది సాగదీత?"

"ఆయన నీ సినిమా సూడలేదురా. మా ఆఫీసుల నేను తప్ప ఎవ్వలు సూడలే. గా లైన్లు పదిహేనేండ్ల కింద నేను రాసినయి, పెట్టె కొల్సుకునేతందుకు. అందరికి గవే ఏస్తం. పాటలు ఎక్కడున్నయిరా నీ సినిమాల?"

వాడు నా ముఖం చూసి నవ్వాడు. కోపం కాదు, జాలిగానే నవ్వాడు.

"నా బాధ సూడలేక చెప్తున్నవక్కా. గంత మందికి ఒక్కటే రివ్యూ ఎవలన్న ఏస్తరా?"

ఆ వారమంతా నాకు పని మీద ధ్యాస లేదు. నాలుగు పాత సంచికలు తీసి, చిన్న సినిమా పెట్టె ఉన్న పేజీలు మడతపెట్టి సంచిలో వేసుకున్నాను. పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. మళ్ళీ ఆదివారం అవి పట్టుకునే బోధన్ పోయాను.

ముందు గదిలో పాస్టర్ గారు కూర్చుని చాయ్ తాగుతున్నారు. బాపు ఆయనకు గోడ మీది పేజీ చూపిస్తున్నాడు.

"హైదరాబాద్ నుంచి ఒకాయన పనిగట్టుకొని సూసి రాసిండు అయ్యగారూ. మన పిలగాని సినిమా."

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, వినబడనట్టు ముఖం పెట్టి, వింటున్నాడు. ఆరేళ్ళ కష్టానికి వాడికి దొరికిన బయటి మనిషి ఆ ఒక్కడే. సంచి తెరిస్తే సీన్ మిగులుతుంది, ఆ మనిషి పోతాడు. పోతే ఆ చోటు నింపడానికి నా దగ్గర పద్నాలుగు లైన్లున్నాయి, కానీ అవి అక్క రాసినవి. సంచి ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. అంత చేతకాని దాన్నయ్యానని నా మీద నాకే అసహ్యం వేసింది.

పాస్టర్ గారు వెళ్ళాక తమ్ముడు లోపలికి పిలిచి తగ్గించిన సినిమా చూపించాడు. చెరకు సీన్ ఇరవై సెకండ్లు ఉంది, వెనక డప్పు మోత వేశాడు. ఆమె ఆకు పేనింది, కట్ట మీద మోకాలు పెట్టింది. ముడి వేసేలోపే హీరో వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇప్పుడెట్లున్నదక్కా?"

"మంచిగున్నది రా," అన్నాను.

"నువ్వట్లనే అంటవ్," అని నవ్వి, ఆ తగ్గించినదాన్నే యూట్యూబ్‌లో పెట్టేశాడు.