బాబాయిగారి బదులు నేనే ఆయ్ అన్నాను

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన పనల్లా మాట్లాడ్డమేనండి. టెన్త్ గట్టెక్కి ఇంట్లో కూర్చున్నాను. అమలాపురంలో కొత్తగా పెట్టిన స్కానింగ్ సెంటర్లో, భయపడే పేషెంట్లకి ధైర్యం చెప్పడానికి మనిషి కావాలన్నారు. "మా పిల్లకి నోరు నొప్పెట్టదండి" అని మా అమ్మ సిఫార్సు చేసింది, ఉద్యోగం వచ్చేసింది. (పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్లేదు.) ఎమ్మారై అంటే కాలవ తూములాంటి మిషనండి. మనిషిని అందులో పడుకోబెడితే డబడబా మోగుతా ఫొటోలు తీస్తుంది. లోపలున్నాయన గుటక మింగినా చాలు, మెడ ఫొటో వానకి తడిసిన ముగ్గులా అలుక్కుపోతుంది.

ఓ రోజు అంబాజీపేట నించి మాకు వరసకి బాబాయిగారొచ్చేరు. జన్మంతా గునపం మీద కొబ్బరికాయలు ఒలిచిన మనిషి. చేతులు తిమ్మిరెక్కి కాయ జారిపోతోందంట. మెడ ఫొటో స్పష్టంగా వస్తేనేగానీ ఆపరేషనో మందులో చెప్పలేనన్నారంట డాక్టరుగారు. "మెడ కోస్తే ఇంక నన్ను గునపం పట్టనివ్వరమ్మా" అని ఆయన బెంగ.

రెండుసార్లు తీసేరండి, రెండుసార్లూ ముగ్గు తడిసిపోయింది. టెక్నీషియన్ గారు హైదరాబాదాయన. పాపం మైకులో "కదలకండి సార్, ఇంకోటి మొదలవుతోంది" అని ఎంతో మర్యాదగా చెప్పేవారు. చివరికి నన్నడిగేరు, "నేను మాట్లాడినప్పుడల్లా ఆయన గడ్డం ఎందుకమ్మా ఊగుతోంది?"

అప్పుడు వెలిగిందండి నాకు. బాబాయిగారు ప్రతి మాటకీ బుర్ర ఊపి "ఆయ్" అంటున్నారు. (నేనూ వింటానే ఉన్నాను, కానీ మా వైపు 'అవునండీ' అనడానికి ఆయ్ అంటే ఊపిరి తీసుకున్నట్టే, ఎవరు పట్టించుకుంటారు?)

"పోనీ మీరు మాట్లాడకండి సార్" అన్నాను.

"చెప్పకపోతే అయిపోయిందనుకుని లేచిపోతారమ్మా. ఈసారీ రాకపోతే కాకినాడ పంపించి, మత్తిచ్చి తీయించాల్సిందే."

లోపలికెళ్ళి, "బాబాయిగారూ, ఎవరేమన్నా ఆయ్ అనకూడదండి" అన్నాను.

"ఆయ్."

"అదేనండి వద్దన్నది."

"అంత మర్యాదగా సార్ అంటా ఉంటే పలక్కపోతే ఎలాగమ్మా? ఒలుపోడికి ఇంత పొగరా అనుకోరూ?"

ఆయనకి మెడ కంటే అదే పెద్ద బాధలా ఉందండి. నాకేం తోచక, "మీ బదులు నేనంటాను లెండి" అన్నాను.

"నువ్వంటే నేనన్నట్టేనా?"

"మీ పిల్లనే కదండీ."

ఆ మాటకి ఆయన స్థిమితపడ్డారు. గాజులు, పట్టీలు, జడ పిన్నులు తీసేసి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మిషన్ ఆగినప్పుడల్లా మైకులోంచి "కదలకండి సార్", నేను గొంతెత్తి "ఆయ్ అండీ". బాబాయిగారు మాత్రం కొయ్యబొమ్మలా ఉన్నారు. అద్దం వెనకాల టెక్నీషియన్ గారు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు.

ఫొటోలు అద్దంలా వచ్చేయండి. ఆపరేషన్ అక్కర్లేదు, మెడకి బెల్టు, వ్యాయామం, కొన్నాళ్ళు గునపానికి సెలవు అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు కాస్త కదిలినా సర్దుకునే మిషన్లు వచ్చేయంట, మంచిదే. కొన్నాళ్ళకి బాబాయిగారు స్వయంగా ఒలిచిన కాయలు సంచీడు తెచ్చిచ్చేరు. వాటిని చంకనేసుకుని, ఆయన మెడ నేనే బాగుచేసినట్టు, వీధంతా చూపించుకొచ్చేనండి. అప్పటి ఆ పిల్ల ఇప్పుడు నాకెదురైతే ఆపను. పక్కవీధి కూడా చూపించి రావే అంటాను.