సైకిల్ గుండూ, అత్త కోడీ

పెళ్లయిన రెండో ఏడు నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. డెబ్బైల చివరి మాట. బడి ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన ఒక పల్లెలో ఉండేది. పొద్దున బస్సు బడి గంట కొట్టిన తరువాత గానీ ఆ పల్లెకు చేరేది కాదు. ఎమ్మిగనూరులో పుట్టింట ఉన్నప్పుడు అన్న సైకిల్ మీద తొక్కడం నేర్చుకున్నదాన్ని. “నాకొక లేడీస్ సైకిల్ ఉంటే చాలు” అన్నాను మా ఆయనతో. ఆయన ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా.

ఎమ్మిగనూరులో ఒక నర్సమ్మ బదిలీ మీద పోతూ తన సైకిల్ అమ్ముతోందని మా అన్న కబురు పెట్టాడు. శనివారం ఆయన బస్సులో పోయి, ఆ సైకిల్ తొక్కుకుంటూనే ఆదోనికి తిరిగి వచ్చారు. ఆయన పొడుగు మనిషి. దారి పొడవునా మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుంటూనే ఉన్నాయట. చేలల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్లు “ఏమన్నా, పెండ్లాం సైకిలెక్కి యాడికి పోతాండావు?” అని కేకలేశారట. ఆ సంగతి చెప్పి ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మా అత్త మాత్రం నవ్వలేదు.

“కోడలు బడికి పోతే పోనీలే అనుకుంటి. ఇప్పుడు సైకిలెక్కి అందరి కండ్లల్లో పడాల్నా?” అని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు ఆదివారం, మిల్లుకు సెలవు. ఆయన తన సైకిల్‌కు నెలకోసారి ఇంట్లోనే ఓవరాలింగ్ చేసుకునేవారు. ఆ రోజు రెండు సైకిళ్లనూ పెరట్లో తలకిందులుగా నిలబెట్టారు. నేల మీద గోనెపట్ట పరిచి, పాత పళ్లెంలో కిరసనాయిలు పోశారు. మిల్లు నుంచి తెచ్చిన పనికిరాని దూదితో నేను చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ తుడిచాను. నర్సమ్మ ఎన్ని పల్లెలు తిరిగిందో, నల్లరేగడి మట్టి ఎండి రాయిలా పట్టేసి ఉంది.

చైను కడిగాక వంటింట్లోంచి నూనె తెచ్చాను. గోడ మీంచి పక్కింటి చాచీ చూసింది. వాళ్లది దర్జీల కుటుంబం.

“అరే బేటీ, ఆ నూనె పొయ్యొద్దు, జిగట పడ్తాది. మిషన్ నూనె ఉండాది, ఆగు” అని కుట్టుమిషన్ నూనెడబ్బా గోడ మీంచి అందించింది.

తరువాత సీటు సంగతి. నా సైకిల్ తిప్పి నిలబెట్టి ఆయన హ్యాండిల్ పట్టుకుంటే నేను ఎక్కి కూర్చున్నాను.

“కాలు కిందికి ఆనుతాందా?”

“మునివేళ్లే ఆనుతాండాయి.”

“ఇంగొంచెం దించుతా. దిగు.”

అలా ఎక్కుతూ దిగుతూ ఉంటే, అత్త కిటికీలోంచి చూసీ చూడనట్టు పక్కకు తిరిగింది.

ముందు చక్రం ఇరుసు విప్పినప్పుడు అసలు చిక్కు వచ్చింది. లోపలి బేరింగులోని చిన్న ఇనుప గుండ్లు నల్లటి గ్రీజులో మునిగి ఉన్నాయి. వాటిని కిరసనాయిల్లో కడిగి, పళ్లెం వంచి నూనె వొంపుతున్నాను. గింజలనుకున్నాయేమో, అత్త పెంచే కోళ్లు ఒక్కసారిగా నా కాళ్ల మధ్యకు దూరాయి. పళ్లెం చెయ్యి జారింది. గుండ్లన్నీ పెరడంతా దొర్లాయి.

కోళ్లను తరిమి, ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ ఏరాం. కొత్త గ్రీజు పెట్టి వరసగా పేరిస్తే ఒక గుండు తక్కువ వచ్చింది. సైకిల్ షాపు మూసి ఉంది. తెల్లవారితే నేను బడికి పోవాలి.

“ఒకటి లేకున్నా తిరుగుతాది గానీ, అంత దూరం నిన్ను అట్లా పంపియ్యను” అన్నారు ఆయన.

చాచీ గోడ మీంచి, “ఎర్ర కోడి ఏందో మింగింది బేటా, నేను సూసినా” అంది.

ఆయన లోపలికి వినిపించేలా, “అమ్మా, కోడిని కోస్తే తెలిసిపోతాది. రాత్రికి కూర గూడా అయితాది” అన్నారు.

అంతే, అత్త బయటికి వచ్చింది. “నా కోడి మింగిందా? మీరు పారబోసుకుని దాని మీదికి నెడతారా?” అంటూ జొన్నపిండి జల్లెడ తెచ్చింది. చీర ఎగ్గట్టి, పెరట్లో మట్టి చేటతో ఎత్తి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. మేం సాయం పోతే దగ్గరికి రానివ్వలేదు. పెరడు సగం అయ్యాక, బట్టలుతికే బండ పక్కన ఎత్తిన మట్టిలో గుండు దొరికింది.

“ఇదేనా సూడు.”

“ఇదే అత్తా!”

“నా కోడిని దొంగను జేస్తిరి గదరా” అని, ముందు ఆమే నవ్వింది. చాచీ గోడ అవతల పడీ పడీ నవ్వింది.

అత్త ఇక లోపలికి పోలేదు. గడప మీద కూర్చుని పని చూసింది. చక్రం బిగించి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఆమె కళ్లు మాత్రం వెనక చక్రం మీదే ఉన్నాయి.

“కొంగు దాంట్లో పడితే?”

“దోపుకుంటా అత్తా.”

“రోడ్డు సూసుకుంటావా, కొంగు సూసుకుంటావా?” అని లేచి, మంచం అల్లగా మిగిలిన నులక తాడు పట్టుకొచ్చింది. ఆమె చూపించిన చోటల్లా ఆయన వెనక మడ్‌గార్డు అంచుకు మేకుతో బెజ్జాలు కొట్టారు. ఆ బెజ్జాల్లోంచి ఇరుసు దాకా, చక్రానికి రెండు పక్కలా అత్త తాడు అల్లింది. మంచం పట్టీ బిగించినట్టు కాలితో తన్నిపట్టి మరీ బిగించింది.

సోమవారం పొద్దున రోడ్డెక్కాను. పత్తి కుక్కిన బోరేలతో బండ్లు ఎదురొస్తున్నాయి. ఒక బండాయన ఎద్దులను పక్కకు లాగి, “పో తల్లీ” అన్నాడు. కొంత దూరం భయంగానే తొక్కాను. తరువాత గాలి మొహానికి తగులుతుంటే, బడి ఇంకొంచెం దూరం ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆ తరువాత చాలా ఏళ్లు నెలకొక ఆదివారం మాకు అదే పని. పెరట్లోకి సైకిళ్లు రాగానే అత్త కోళ్లను గంప కింద మూసేది. మేమిద్దరం గోనెపట్ట మీద కూర్చుని, చైన్లు కడుగుతూ, వారమంతా కుదరని మాటలన్నీ చెప్పుకునేవాళ్లం. చేతులు ఎంత కడిగినా మధ్యాహ్నం రొట్టె కిరసనాయిలు వాసన వేసేది.

ఎనభైల చివర్లో స్కూటర్ కొన్నాం. దాన్ని ఇంట్లో విప్పడం మా వల్ల కాదు, మెకానిక్కుకు ఇచ్చేవాళ్లం. అతను పని బాగానే చేసేవాడు. ఆదివారం ఏం చేయాలో మాత్రం మా ఇద్దరికీ చాలా రోజులు తోచలేదు.