బొట్టు పెట్టిన డబ్బా

ఆదిబాబుని పెళ్లికి పిలిచేవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకునేవారు. ఆయన విస్తట్లో వంకాయ వెయ్యకూడదు. ఆయన కూర్చునే చోట ఒక ప్లగ్గు ఖాళీగా ఉండాలి. అక్షింతలు చేతికందేలోగానే ఆయన చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత వోల్టేజీ మీటరు తీసి ప్లగ్గులో గుచ్చేవాడు. ఎర్ర అంకెలు వెలిగేవి.

"రెండొందల పద్నాలుగు. పర్లేదు, తాళి కట్టించీయండి," అనేవాడు పురోహితుడితో.

ఆ హిందీ ఊళ్లో తెలుగువాళ్లుండే సోనారి బస్తీలో ఎవరూ దీనికి నవ్వడం మానేసి చాలా ఏళ్లయింది. కొత్త ఫ్రిజ్జు కొన్నవాళ్లు కొబ్బరికాయ కంటే ముందు ఆదిబాబుని పిలిచేవారు. ఆయన మీటరు గుచ్చి, చూసి, తల ఊపితేనే స్విచ్చి వేసేవారు. ముప్ఫై నాలుగేళ్లు కార్ఖానాలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి, కంట్రాక్టరు మనిషి కావడం వల్ల ఒక్కరోజు కూడా కంపెనీ మనిషి అనిపించుకోలేకపోయిన ఆదిబాబుకి, ఆ తల ఊపడం ఒక పదవి.

కార్ఖానా ఆయనకి ఇంకొకటి కూడా నేర్పింది. అక్కడ మరమ్మతు చేసిన ఏ బోర్డుకైనా చేసినవాడు 'ఓకే' అని రాసి, తారీకు వేసి, సంతకం పెట్టి ఒక చీటీ కడతాడు. చీటీ కట్టాక దాన్ని మళ్లీ అనుమానించడమంటే కట్టినవాడి మొహం మీద ఉమ్మెయ్యడమే. ఆదిబాబు చీటీని ఆ ముప్ఫై నాలుగేళ్లలో ఎవరూ అనుమానించలేదు. ఆదిబాబు అసలే అనుమానించలేదు.

ఆయన ఇంట్లో కూడా అలాంటి చీటీ ఒకటి ఉండేది. పదిహేనేళ్ల కిందట టేకు చెక్కతో ఆయనే చేసిన ప్లగ్గుల డబ్బాకి అది వేలాడేది. రెండు గదుల ఇంట్లో లోపలి గదికి ప్లగ్గు లేదు. అందుకని వసారాలోని ప్లగ్గు నుంచి గోడ పైగా తీగ లాగి, చివర ఈ డబ్బా బిగించాడు. నాలుగు ప్లగ్గులు, మధ్యలో మరలతో బిగించిన మరో మీటరు. డబ్బా పెట్టినప్పుడు దాని మీద ఒక ఫ్యాను, ఒక టీవీ నడిచేవి. తర్వాత ఫ్రిజ్జు వచ్చింది. ఏటా విశ్వకర్మ పూజ రోజున సుత్తి, పట్టకారు, టెస్టరుతో పాటు ఈ డబ్బాకీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, పాత చీటీ తీసి కొత్త చీటీ కట్టేవాడు. డబ్బా విప్పేవాడు కాదు. పూజ చేసినదాన్ని ఎవరైనా విప్పుతారా?

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఆ ఫాల్గుణంలో ఆ డబ్బాకి నాలుగో బరువు వచ్చింది. ఆదిబాబు భార్య దాలమ్మ ఆయనకి మేనకోడలు కూడా. బొగ్గు పొయ్యి ముందు గడిపిన ముప్ఫై ఏళ్లకి ఆమె ఊపిరితిత్తులు బదులు చెప్పాయి. రోజుకి పదహారు గంటలు గాలి యంత్రం పెట్టుకోవాలన్నాడు డాక్టరు. గదిలో గాలిని లాక్కుని అందులోంచి ఆక్సిజన్ తీసి, సన్నటి గొట్టంలో ముక్కుకి అందించే యంత్రం అది. నూట తొంభై వోల్టుల కంటే దిగితే కీచుమని అరిచి ఆగిపోతుంది.

అది రోజుకి నాలుగైదు సార్లు అరిచేది.

అరిచినప్పుడల్లా ఆదిబాబు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి మూలనున్న సిలిండరు తిప్పి, గొట్టం మార్చి, ఆ తర్వాత డబ్బాలోని మీటరు చూసేవాడు. నూట ఎనభై ఏడు. నూట ఎనభై నాలుగు. టైము, అంకె ఒక నోటు పుస్తకంలో రాసేవాడు. దాలమ్మ పెదవులు నీలంగా మారి మళ్లీ మామూలయ్యేలోగా రాసిన అంకెలు గీత తప్పి వంకర్లు పోయేవి.

"మావా, ఆ ఫ్రిజ్జు గురక పెట్టగానే ఇది ఏడుత్తంది. సూసినావా?" అంది దాలమ్మ ఒకరోజు.

"వోల్టేజీ పడిపోతే ఫ్రిజ్జు గురక పెడతాది. ఫ్రిజ్జు గురక పెడితే వోల్టేజీ పడిపోదు. తిరగేసి సెప్పకు," అన్నాడు ఆదిబాబు.

"మరి ఆ డబ్బా కాడ కమురు వాసన వత్తంది."

"ఒలే, నీకు ఊపిరే సరిగా ఆడదు. వాసన ఎలా తెలిసినాది?"

ఊపిరి తక్కువున్న మనిషి దాన్ని దేని మీద ఖర్చు పెట్టాలో లెక్క చూసుకుంటుంది.

తప్పు కరెంటు ఆఫీసుది. ఆ విషయంలో ఆదిబాబుకి ఎలాంటి సందేహమూ లేదు. మనవరాలు శ్వేత, అంటే కూతురి కూతురు, వాళ్ల దగ్గరే ఉండి నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల చేత హిందీలో అర్జీలు రాయించాడు. ప్రతి అర్జీకీ నోటు పుస్తకంలోంచి అంకెల పట్టీ జతచేసేవాడు.

"తాతా, స్టెబిలైజర్ లగా దో నా, బస్," అంది శ్వేత నాలుగో అర్జీ రాస్తూ.

"రోగం లైన్లో ఉంటే మందు ఇంట్లో ఏటికి? రాయి."

"యే తో జిద్ హై," అని ఆయన మొండిపట్టు మీద గొణిగి, శ్వేత రాసింది. అర్జీలు పదకొండయ్యాయి.

పదకొండో అర్జీ ఇచ్చిన వారంలోనే ఊళ్లోనే అగ్రికో పేటలో ఉండే ఉమామహేశ్వర్ గారు కబురు పెట్టారు. ఆయన కార్ఖానాలో పెద్ద ఇంజనీరు, రేపో మాపో రిటైరు కాబోతున్నవాడు. ఒక పాత ట్రావెలర్ బండి కొని, సీట్లు పీకించి, మంచం, సింకు, చిన్న ఫ్రిజ్జు పెట్టించారు. నెత్తి మీద సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీలు, ఇన్వర్టరు. భార్య రమణిని తీసుకుని సముద్రం ఒడ్డునే పూరీ నుంచి విశాఖ దాకా వెళ్లాలని ఆయన కల.

"వైరింగు నేనే గీశాను. అయినా నువ్వొకసారి చూస్తే నాకు నిద్ర పడుతుంది ఆదిబాబూ," అన్నారు.

ఆదిబాబు జేబులో మీటరుతో వెళ్లి బండి ఎక్కాడు. రెండొందల ముప్ఫై. ఫ్రిజ్జు వేయించాడు. రెండొందల ముప్ఫై. ఫ్యాను, మిక్సీ కూడా వేయించాడు. రెండొందల ఇరవై తొమ్మిది. ఇంత స్థిరమైన అంకె ఆయన జీవితంలో చూడలేదు. ఆ స్థిరత్వం ఆయనకి కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

"బరువు పెట్టి సూడాలి సార్. మా ఆడదాని మిషను తెచ్చి రోజంతా నడిపిత్తాను," అన్నాడు.

అలా ఉమామహేశ్వర్ గారి బండి సోనారికి వచ్చి ఆదిబాబు ఇంటి ముందు ఆగింది. దాలమ్మ గొట్టంతో సహా అందులోకి మారింది. సాయంత్రందాకా యంత్రం ఒక్కసారి అరవలేదు. మర్నాడూ అంతే. మూడో రోజుకి బస్తీ ఆడవాళ్లందరికీ దాలమ్మని చూడాలంటే ఇంట్లోకి కాదు, బండిలోకి వెళ్లాలని తెలిసిపోయింది. నలుగురు మంచం మీద, ఇద్దరు మెట్ల మీద. చిక్కుళ్లు ఒలవడం కూడా అక్కడే.

"మొగుడు కట్టించిన ఇంట్లో ఆడని ఊపిరి, సక్రాలున్న ఇంట్లో ఆడతంది సూడండే," అంది పక్కింటి జగదాంబ.

"కట్టించినోడు కరెంటు మేస్త్రి మరి," అంది దాలమ్మ. నవ్వుకి కూడా ఊపిరి మిగిలింది ఆమెకి ఆ రోజు.

దాలమ్మని చూడ్డానికి వచ్చిన రమణి అప్పుడే ఒక మాట అన్నారు. "దాలమ్మా, మేము ఇచ్ఛాపురం మీదుగానే వెళతాం. మీ చెల్లెలు అక్కడేగా ఉంది? మాతో రాకూడదూ?"

చెల్లెలు నూకాలమ్మని దాలమ్మ చూసి ఆరేళ్లయింది. యంత్రం వచ్చాక ఇక చూడనని అనుకుంది. ఎవరితోనూ అనలేదు గాని, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆదిబాబు వారంపాటు అభ్యంతరాలు వెతికాడు. మబ్బు పడితే? ఇంజను తిరిగితే బ్యాటరీ నిండుతుందన్నారు ఉమామహేశ్వర్ గారు. ఇంజను చెడితే? ధాబాలో ప్లగ్గుంటుంది. ధాబాలో వోల్టేజీ లేకపోతే? రెండు సిలిండర్లు పెట్టుకుందాం. ఇలా ఒక్కొక్కటీ పోయి ఆదిబాబుకి చివరికి ఒక్క అభ్యంతరం మిగిలింది, అది దాలమ్మ లేని ఇల్లు. దాన్ని ఏ మీటరుతోనూ కొలిచి చూపించలేక ఒప్పుకున్నాడు.

ప్రయాణానికి ముందురోజు కరెంటు ఆఫీసు నుంచి ఫోను. రేపు పదకొండింటికి లైన్‌మన్ వస్తాడు, ఇంట్లో ఉండండి.

"రేపే రావాలా? అయినా నువ్వూ వచ్చీరా మావా. ఆడు మల్లీ వత్తాడు," అంది దాలమ్మ.

"పదకొండు అర్జీలే! నాను లేనప్పుడొచ్చి అంతా బాగుందని రాసుకుపోతే? నువ్వు తిరిగొచ్చేసరికి ఇక్కడ నీకు రెండొందల ఇరవై ఉండాల."

తన జేబు మీటరు ఆమె చేతిలో పెట్టాడు. ఎక్కడ ఆగినా గుచ్చి, అంకె ఫోనులో చెప్పమన్నాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన తన జేబులోంచి తీసి ఆమెకి అప్పగించిన మొదటి అధికారం అది. పొద్దున్న బండి సందు మలుపు తిరిగేదాకా దాలమ్మ ఆ మీటరుని కిటికీలోంచి ఊపుతూనే ఉంది.

లైన్‌మన్ సురేష్ చెప్పిన టైముకే వచ్చాడు. అదే ఆదిబాబుకి మొదటి దెబ్బ, ఆలస్యం మీద తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. సురేష్ స్తంభం దగ్గర చూశాడు. ఇంటి మెయిను దగ్గర చూశాడు. వసారా ప్లగ్గులో తన మీటరు గుచ్చాడు.

"రెండొందల ఇరవై నాలుగు. ఠీక్ తో హై, చాచా."

"నీ మీటరు పాడైనాది. లోపలికి రా."

లోపల డబ్బా మీటరు రెండొందల మూడు చూపిస్తోంది. సురేష్ తన మీటరు దాని పక్క ప్లగ్గులో గుచ్చాడు. రెండొందల మూడు. అప్పుడు ఫ్రిజ్జు గురక పెట్టింది. రెండు మీటర్లూ కలిసి నూట ఎనభై ఆరుకి దిగాయి. సురేష్ వసారాకి వెళ్లి చూశాడు. అక్కడ రెండొందల ఇరవై మూడు.

"దో కమ్రా, దో వోల్టేజ్. గదికో వోల్టేజీ! చాచా, తీగ ఎవరు లాగారు?"

బదులు చీటీ మీద సంతకం చెప్పింది. సురేష్ అది చదివి స్క్రూడ్రైవరు తీయబోయాడు.

"నువ్వు ముట్టుకోకు. నాను ఇప్పుతాను," అన్నాడు ఆదిబాబు.

చెప్పులు విడిచి, ముందు వసారా ప్లగ్గు పీకి, తడిగుడ్డతో డబ్బా తుడిచాడు. పదిహేనేళ్ల పసుపు, కుంకుమ పొరలు పొరలుగా వచ్చాయి. ఎడమ పక్క పెద్ద బొట్టు కింద చెక్క నల్లగా ఉంది. మూత తీశాడు. తీగ కొసలు బిగించిన మర వదులై, దాని చుట్టూ అంతా మాడి ఉంది. ఫ్యానుకీ టీవీకీ సరిపోయిన సన్న తీగ, ఆ తర్వాత వచ్చిన బరువులన్నీ మోసి మోసి గట్టిపడి, వేలితో తాకితే పొట్టు రాలింది. కమురు వాసన గది నిండా లేచింది. ఊపిరి బాగా ఆడే మనిషి కాబట్టి ఆదిబాబుకి అది స్పష్టంగా తెలిసింది.

సురేష్ మంచివాడు. కాగితం తీసి, "క్యా లిఖూఁ?" అని మాత్రం అడిగాడు.

ఆదిబాబు డబ్బా మూత పక్కన పెట్టాడు. "లైను ఓకే అని రాయి," అన్నాడు. కింద తను సంతకం పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

ఆ మధ్యాహ్నమే జుగ్సలాయి బజారుకి వెళ్లి లావు తీగ, కొత్త ప్లగ్గులు తెచ్చాడు. సాయంత్రానికి కొత్త డబ్బా సిద్ధమైంది. ఫ్రిజ్జు గురక పెట్టినా అంకె రెండొందల ఇరవై రెండు దగ్గరే నిలబడింది. మర్నాడు దాలమ్మ ఫోను వచ్చింది. వెనకాల నూకాలమ్మ గొంతు, ఇంకెవరెవరి నవ్వులో.

"మావా, సెల్లి ఇంట్లో నూట తొంబై ఆరే ఉన్నాది. బండిలోనే మిషను పెట్టుకుని గుమ్మం కాడ కూకున్నాను."

"అది ఏ డబ్బాలో గుచ్చినావు? గోడ ప్లగ్గులో గుచ్చి సూడు," అన్నాడు ఆదిబాబు.

గోడ ప్లగ్గులో గుచ్చించి ఆమె అంది, "రెండొందల పది. ఓలమ్మ, అదేటి?... మరి మనింట్లో ఎంతున్నాది? కరెంటోడు వచ్చినాడా?"

"వచ్చినాడు. రెండొందల ఇరవై రెండు."

"బాగుసేసీసినాడా?"

ఆదిబాబు కొత్త డబ్బా కేసి చూశాడు. "ఆఁ. బాగైపోనాది," అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. బస్తీ మాత్రం దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. పదకొండు అర్జీలతో కరెంటు ఆఫీసు మెడలు వంచిన మనిషిగా ఆదిబాబు పేరు అగ్రికోదాకా పాకింది. దాలమ్మ తిరిగొచ్చేసరికి ఆయన వసారాలో అర్జీ రాయించమని ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన వాళ్లతో అర్జీ తర్వాత, ముందు ఇంట్లో డబ్బాలు విప్పి చూడండని చెబుతున్నాడు. ఆ మాట ఆయన నోట ఎవరూ అంతకుముందు వినలేదు.

దాలమ్మ లోపలికి వెళ్లింది. కొత్త డబ్బా చూసింది. ముక్కులోంచి గొట్టం తీసి గాలి రెండుసార్లు పీల్చింది. ఆమెకి అంత ఖరీదైన పని ఇంకోటి లేదు.

"కమురు వాసన లేదు," అంది.

ఆదిబాబు గోడ వైపు తిరిగి గొట్టం సర్దడంలో మునిగిపోయాడు.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి ఆయన ముందు డబ్బా విప్పి, మరలు బిగించి, అప్పుడు బొట్టు పెట్టాడు. చీటీ కట్టలేదు. ఆ తర్వాతి ఏడూ అంతే. ఆ పై ఏడు మాఘంలో, బజారుకి వెళ్లొచ్చి వసారాలో చెప్పులు విడుస్తూ ఆయన కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఇంట్లో అందరూ దాలమ్మ కోసం రెండేళ్లుగా సిద్ధపడి ఉన్నారు, ఆమెతో సహా. ఆయన కోసం ఎవరూ సిద్ధపడలేదు. లోపల యంత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి శ్వేత పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని డబ్బా ముందు కూర్చుంది. దాలమ్మ మంచం మీంచి, మొగుడి జేబు మీటరు గుప్పిట్లో పట్టుకుని, చూపుడువేలు ఆడించింది.

"బొట్టు తరవాతే గుంటా. ముందు మూత ఇప్పు."

"నానీ, పూజ ఐపోయాక విప్పుతాలే," అంది మనవరాలు.

"మీ తాత కూడా అలాగే అనీవోడు," అంది దాలమ్మ. "ఇప్పు."