మొగ దగ్గర చేపల పులుసు

మొన్న మా గాలాల క్లబ్బు నుంచి ఒక కార్డు వచ్చింది. వసంతకాలపు విందులో పాత సభ్యురాలిగా నాలుగు మంచి మాటలు చెప్పమనీ, పాత తగవులు మాత్రం ఎత్తవద్దనీ. చదివి నవ్వుకున్నాను. ఆ తగవు తీసేస్తే ఆ ఒడ్డు గురించి నాకు మిగిలేది చలీ, జలుబూ. అందుకే అక్కడ చెప్పవద్దన్నది ఇక్కడ మీతో చెబుతున్నాను.

కెనడాలో మేముండే హామిల్టన్‌కు అరగంట దూరంలో ఒక చిన్న నది వచ్చి పెద్ద సరస్సులో కలుస్తుంది. అలాంటి చోటును మా బందరు వైపు మొగ అంటాము. మంచు కరిగే రోజుల్లో ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి సరస్సులోంచి ఆ మొగ గుండా నదిలోకి ఎదురెక్కుతాయి. ఆసుపత్రి ల్యాబులో నేను ఉద్యోగం విరమించిన ఏడాది, స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పక్కింటి తాతగారు నన్ను అక్కడికి తీసుకువెళ్ళి, ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగించి, నీటి మీద గాలపు బెండు ఎలా నడవాలో, ఎవరికైనా చేప పడితే మిగతావాళ్ళు ఎంత త్వరగా పక్కకు తప్పుకోవాలో ఓపికగా నేర్పారు. గాలాలవాళ్ళు నీళ్ళలో నిలబడే వరుసలో ఆయన పక్క చోటు నాదైంది. పట్టిన చేపను ఫోటో తీసుకుని నీళ్ళలో వదిలేయడం అక్కడి ఆచారం. చట్టమేమీ కాదు. చేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టిన నేను, ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని వదిలేశాను.

మా తెలుగు చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారికి ఇది రుచించలేదు. "అమ్మా, ప్రభువు పిలవగానే పేతురు వలలు వదిలేసి వచ్చాడు. మీరేంటి ఈ వయసులో గాలం పట్టారు?" అన్నారు. "ప్రభువు పునరుత్థానం తర్వాత మళ్ళీ చేపలకే వెళ్ళాడు కదండీ అయ్యగారూ" అన్నాను. ఆ ఆదివారం ప్రసంగం కాస్త పొడుగైంది.

తరువాత మన పిల్లలు చదువులకని వెల్లువలా వచ్చిన ఏళ్ళు. మీకూ గుర్తుండే ఉంటుంది, ఒక్కో బేస్‌మెంటులో ఏడుగురు, క్లాసులకూ షిఫ్టులకూ మధ్య పరుగులు. అలా మా సంఘానికి వచ్చినవాళ్ళలో అవనిగడ్డ దగ్గరి అమ్మాయి ఒకతె, నేను చేపలకు వెళ్తానని విని, లైసెన్సు తీసుకుని, ఒక శనివారం ఉదయం బస్సులు మారి మొగ దగ్గరికి వచ్చేసింది. కాసేపు వరుసను చూసి, "ఆంటీ, వీళ్ళేంటి, చేపకి ఫోటో తీసి పంపించేస్తున్నారు? వీసా ఇంటర్వ్యూనా?" అంది.

గంట తిరగకుండానే తనకూ ఒకటి పడింది. తను వదల్లేదు. అక్కడే రాతి మీద దాన్ని కొట్టి, బస్సులో చెడిపోకుండా సంచిలోంచి ఉప్పూ పసుపూ తీసి, మా రేవుల్లో చేసినట్టే రుద్దడం మొదలుపెట్టింది. వరుసంతా బిగుసుకుపోయింది. ఒకాయన ఫోటో తీసి అధికారులకు పంపిస్తానంటూ ఫోన్ తీశాడు. తాతగారు నన్ను పక్కకు పిలిచి, మెత్తగానే, చేపను వదిలే ఉద్దేశం లేకపోతే ఈ ఒడ్డుకు రావద్దని మీ భాషలో మీరే చెప్పండి అన్నారు.

ఆ ఒక్క మాట చెబితే అమ్మాయి మళ్ళీ రాదు, నా చోటు నాకుంటుంది. ఒక్క క్షణం ఆ చోటు మీద ఆశపడ్డానని దేవుని ఎదుట ఒప్పుకుంటాను. కానీ నేను చిన్ననాటి నుంచి నమ్ముకున్న ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు వేసి అలిసిపోయిన శిష్యులను భోజనానికి పిలిచినవాడు. అమ్మాయికి లైసెన్సుంది, చట్టం ఒప్పుకున్నదే పట్టింది, నేను చెప్పను అన్నాను. వెళ్ళి నా చోటులో నిలబడి, కాసేపటికి నాకు పడిన చేపను, అందరూ చూస్తుండగా, సంచిలో వేసుకున్నాను.

మరుసటి శనివారం గ్యాస్ పొయ్యీ, చింతపండూ, అన్నం గిన్నే కారులో పెట్టుకు వెళ్ళి, పార్కింగ్ పక్కనున్న బల్ల మీద పులుసు కాచి, అందరినీ పిలిచాను. ఇద్దరు వచ్చారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, కారానికే. తాతగారు కారులో కూర్చుని అద్దం సగం దించుకున్నారు గానీ, దిగి రాలేదు. ఆ తరువాత ఆయన నా పక్కన నిలబడలేదు. పోయేదాకా కంచె మీదుగా వాతావరణం సంగతి తప్ప మరో మాట మాట్లాడలేదు. నాకు నేర్పినవి ఆయన చేతులే, ఆ ఋణం తీరేది కాదు. అయినా ఆ ఉదయం మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను.

ఇప్పుడు వీసాలు తగ్గాయి. ఆ అమ్మాయి శాశ్వత నివాసపు పీఆర్ కోసం ఎక్కడో దూరాన సస్కచువాన్ రాష్ట్రంలో ఉంది. మొగ దగ్గర మళ్ళీ ప్రశాంతంగా ఉందని క్లబ్బువాళ్ళు సంబరపడుతున్నారు. నా మోకాళ్ళు ఆ నీళ్ళకు ఓర్చుకోలేకపోతుంటే ఒడ్డునే కుర్చీ వేసుకుంటున్నాను. మనిషికీ మనిషికీ మధ్య కొలిచినట్టు దూరం, ఎవరి గాలపు దారమూ ఎవరి దారంలోనూ చిక్కుకోవడం లేదు. చిక్కుల్లేని ఆ నీళ్ళను చూస్తుంటే నాకు బెంగగా ఉంటుంది.