వాగు మీద వంతెన, బడ్జెట్లో పద్దు

మొన్న బోధన్ బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో ఆర్థికమంత్రి బడ్జెట్ చదువుతున్నారు. పక్క బల్ల దగ్గరివాళ్లు తమ రోడ్డుకు పైసలు వచ్చేసినట్టే సంబరపడుతుంటే నాకు చాయ్ సయించలేదు. మా నాన్నకు అన్న, నాకు పెద్దబాపు అయిన మనిషి మీద మా ఊళ్లో పడిన మచ్చ ఒకటి తుడవవలసి ఉంది. నా ఈడువాళ్లకు ఆ సంగతి గుర్తుండే ఉంటుంది.

నాకు నిజామాబాద్‌లో ఇంజనీర్ల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన కొత్తలో, చెరుకు బండ్లు దాటే మా వాగు మీద వంతెనకు ఆ ఏటి బడ్జెట్లో పద్దు పడింది. శాసనసభ ఆమోదించిందని తెలియగానే ఊరికి పోయి, సర్పంచిగా ఉన్న పెద్దబాపు ముందు, రైతులందరి ముందు, పైసలు వచ్చేసినట్టే, ఇక పని మొదలవుతుందని గొప్పగా చెప్పాను. సభ ఇచ్చేది ఖర్చుకు అనుమతే తప్ప డబ్బు కాదనీ, పన్నులూ అప్పులూ వచ్చి ఖజానాలో పడినకొద్దీ ఆర్థికశాఖ విడుదల చేయాలనీ, ఆ ఏడు ముగిసేలోగా చేయకపోతే పద్దు మురిగిపోతుందనీ నాకు తెలుసు. అదంతా చెబితే నా గొప్ప ఏం మిగులుతుంది?

నా మాట నమ్మి, పునాదులకు అడ్డమని, ఊరంతా కలిసి ఎండాకాలంలోనే వాగులోని పాత రాళ్లదారిని పెకిలించి, ఆ రాళ్లు పనికొస్తాయని గట్టున పేర్చారు. విడుదల ఉత్తర్వు మాత్రం రాలేదు. చెరుకు నరికే కాలానికి బండ్లు చుట్టుదారిన పోవలసి వచ్చి, గడలు దారిలోనే ఎండి తూకం తగ్గాయి.

“ఏం సర్పంచ్ సాబ్, వంతెన రుచిగున్నదా? ఉప్పు సరిపోయిందా?” అని చావడి కాడ ఒక రైతు అందరూ వినేలా అడిగాడు.

“పండ్లు లేనోన్నిరా, వంతెన ఎట్ల నములుత?” అని పెద్దబాపు నవ్వేశాడు. పక్కనే ఉన్న నేను నోరు విప్పలేదు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. వంతెన ఇంకో సర్పంచి కాలంలో వచ్చింది.

పెద్దబాపు పోయాక, ఉండబట్టలేక పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె తొణకలేదు.

“నాకెర్కనే బిడ్డా. మీ పెద్దబాపు గప్పుడే నీ ఆఫీసుకచ్చి, పెద్దసారును అడిగి అంత తెల్సుకున్నడు. పిలగానిది కొత్త నౌకరి, ఊళ్లె ఇజ్జత్ పోతదని ఊకున్నడు.”

ఇప్పుడు మా వైపు చెరుకు తగ్గి వరి పెరిగింది, ఆ వంతెన మీద ధాన్యం లారీలు పోతున్నాయి. పద్దులో పేరుంటే చాలదని, నిధులు విడుదలయ్యాయా అని ఫోనులోనే నిలదీసేవాళ్లు వచ్చారు, మంచిదే. ఇంకొకరి పరువు కోసం తన పరువు పోతున్నా నవ్వి ఊరుకునే మనుషులే కనబడటం లేదు. పెద్దబాపు వంతెన తినలేదు. నేను పడవలసిన మాటలు ఆయన పడ్డాడు. ఇది ఆ రోజే చావడి కాడ చెప్పవలసింది. ఇప్పుడు వినవలసినవాళ్లలో సగం మంది లేరు.